కోనసీమ నుంచి మెకాంగ్ డెల్టాకు వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వియత్నాం వెళ్లాలనుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. అడిగే సందేహాలు మాత్రం తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు ఏది కావాలో అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అనుకునేటప్పుడు

గోదారి ఇంటి ముందే ఉండగా అంత దూరం వెళ్లి మళ్లీ వరిచేలు, కొబ్బరిచెట్లే చూడాలా అండీ?

ఈ ప్రశ్న వేసేవాళ్లే అక్కడ అందరికంటే ఎక్కువ చూస్తారని నా నమ్మకం. పట్నంవాళ్లకు అది పచ్చదనం, ఒక ఫోటో. మనకైతే చేను ఏ దశలో ఉందో, కాలువలో పోటు ఎక్కుతోందో పాటు తీస్తోందో, కొబ్బరి మొవ్వులో తెగులు ఉందో లేదో చూడగానే తెలిసిపోతుంది. మెకాంగ్ డెల్టా దాదాపు 40,000 చదరపు కిలోమీటర్లు. మన డెల్టాకు ఎన్నో రెట్లు. వియత్నాంలో పండే ధాన్యంలో సగానికి పైగా అక్కడే పండుతుంది.

తేడాలు ఇంకా బాగుంటాయి. మన కాలువలకు నీళ్లు 1852లో కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట దయ. అక్కడ డెల్టాలో పెద్ద పాయల మీద అలాంటి ఆనకట్ట లేదు. తవ్వుకున్న వేల కాలువల్లోకి సముద్రపు పోటే నీటిని నెడుతుంది, పాటే లాగుతుంది. కంబోడియా సరిహద్దు వెంట పారే విన్ తే కాలువను 1819 నుంచి 1824 వరకు మనుషులు చేత్తో తవ్వారు. దాని గట్టు మీద నిలబడితే మన లాకులు, మన పంట కాలువలు వేరేగా కనబడతాయి. నా మటుకు నాకు, వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఎన్ని రోజులు కావాలి? సైగాన్ నుంచి ఒక్కరోజు టూరు సరిపోదా?

సరిపోదు. సైగాన్ అంటే ఇప్పటి హో చి మిన్ సిటీ. అక్కడ పొద్దున్న బస్సెక్కిస్తారు, మిథో దగ్గర పడవలో తిప్పుతారు, తేనె టీ తాగించి, కొబ్బరి మిఠాయి దుకాణంలో కూర్చోబెట్టి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తారు. దినం మొత్తంలో సగం బస్సులోనే పోతుంది. ఎవరో ఒక్కపూట పాపికొండల బోటెక్కి కోనసీమ చూసేశానంటే మనం ఒప్పుకుంటామా?

ఆరు రాత్రులు పెట్టుకోండి. సైగాన్‌లో ఒకటి, బెన్ ట్రేలో రెండు, కాన్ థోలో రెండు, కుదిరితే చౌ డాక్‌లో ఒకటి. అన్ని రోజులు లేకపోతే ఊళ్లు తగ్గించండి కానీ ఊరికి ఒక రాత్రి లెక్కన పరుగెత్తకండి. ఒకే కాలువ గట్టున పొద్దున్నా సాయంత్రమూ కూర్చుంటేనే ఆ నీటి నడక తెలుస్తుంది.

ఏ నెలలో వెళితే మంచిది?

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడికాలం, మే నుంచి నవంబరు దాకా వానలు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఎగువ డెల్టాలో వరదనీరు పొలాల మీదికి పరుచుకుంటుంది. అక్కడివాళ్లు దాన్ని ఆపదగా కాక ఒక రుతువుగా చూస్తారు. ఒండ్రు, చేపలు, కలువలు అన్నీ ఆ నీటితోనే వస్తాయి. నీటి అడవులు చూడాలంటే అప్పుడే వెళ్లాలి.

మనవాళ్లకు వీలైనది సంక్రాంతి, ప్రభల తీర్థాలు అయ్యాక, జనవరి చివర. వాతావరణం హాయిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: వాళ్ల కొత్త సంవత్సరం టెట్ జనవరి చివరికీ ఫిబ్రవరి మూడో వారానికీ మధ్యలో వస్తుంది. ఆ వారం బస్సు టికెట్లు దొరకవు, హోటళ్లు మూసేస్తారు, అందరూ సొంత ఊళ్లకు పోతారు. తేదీ చూసుకుని ముందో వెనకో వెళ్లండి. మన కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో పొలం పని ఉండదు కాబట్టి రైతులు అప్పుడు వెళ్దామంటారు. అక్కడ కూడా ఎండ మండిపోతుంది, పైగా చాలా కాలువల్లో ఉప్పునీరు ఎక్కే రోజులవి.

## కాగితాలు, డబ్బు, సామాను

వీసా కష్టమా? ఏజెంటు ఎనిమిది వేలు అడుగుతున్నాడు.

అంత ఇవ్వనక్కర్లేదు. వియత్నాం ఈ-వీసా ఇంట్లో కూర్చుని ఫోన్లోనే పెట్టుకోవచ్చు. ఒకసారి ప్రవేశానికి ఫీజు 25 డాలర్లు, ఎక్కువసార్లు ప్రవేశానికి 50 డాలర్లు. 90 రోజుల దాకా ఇస్తారు. పాస్‌పోర్టు కనీసం ఆరు నెలలు చెల్లుబాటులో ఉండాలి. ప్రభుత్వ సైటు చిరునామా చివర ‘డాట్ జీఓవీ డాట్ వీఎన్’ అని ఉంటుంది. వెతికినప్పుడు పైన కనబడేవి చాలావరకు ప్రైవేటు వాళ్లవి. మూడు పనిదినాల్లో వస్తుందని చెబుతారు, మీరు మాత్రం మూడు వారాల ముందే పెట్టండి. ఫీజు తిరిగి రాదు.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. వీసాకి ఇబ్బందా?

మనవైపు అందరినీ వేధించే ప్రశ్న ఇది. ఆధార్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో మరోలా ఉంటుంది. సూత్రం ఒక్కటే: ఫోటో ఉన్న పేజీలో కింద బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి కదా, అందులో పేరు ఎలా ఉందో వీసాలోనూ, విమానం టికెట్‌లోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే లేనిది సృష్టించకండి. టికెట్ కొనేటప్పుడు ఎయిర్‌లైన్స్ వాళ్లను అడిగి వాళ్లు చెప్పిన పద్ధతిలోనే నింపండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ కొత్త దరఖాస్తు, మళ్లీ ఫీజు. కొత్తగా పాస్‌పోర్టు తీసుకునేవాళ్లు ఇంటిపేరు, పేరు వేర్వేరు గడుల్లో పూర్తిగా రాయించుకోండి, తర్వాత పదేళ్లు ఈ టెన్షన్ ఉండదు. 36 పేజీల పాస్‌పోర్టుకు మామూలు ఫీజు 1,500 రూపాయలు.

విమానం ఎక్కడి నుంచి?

హైదరాబాద్ నుంచి వెళ్లడం తేలిక. నేరుగా వెళ్లే విమానాలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి, లేనప్పుడు బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్‌లలో ఏదో ఒకదాని మీదుగా వెళ్లొచ్చు. కాకినాడ, తుని వైపు వాళ్లు విశాఖ నుంచి సింగపూర్ మీదుగా కూడా ధర చూసుకోండి.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి? ఫోన్‌పే పనిచేస్తుందా?

యూపీఐని నమ్ముకోవద్దు. పల్లెల్లో నగదే నడుస్తుంది. ఇక్కడ డాలర్లు కొనుక్కుని అక్కడి బ్యాంకులోనో లైసెన్సున్న దుకాణంలోనో డాంగ్‌లుగా మార్చుకోండి. విదేశాల్లో పనిచేసే కార్డు ఒకటి జేబులో ఉంచుకోండి. లెక్కకు చిట్కా: చివరి మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో హెచ్చవేస్తే దాదాపు రూపాయలు వస్తాయి. లక్ష డాంగ్‌లంటే 350 రూపాయల దరిదాపు.

నోట్లు మాత్రం వెలుతురులో చూసి ఇవ్వండి. ఐదు లక్షల నోటూ నీలమే, ఇరవై వేల నోటూ నీలమే. రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. పడవ దిగే హడావిడిలో ఒకటి ఇవ్వబోయి ఇంకోటి ఇచ్చేస్తారు. ఐదు లక్షల నోట్లు విడిగా వేరే అరలో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఆవకాయ, కొబ్బరి తీసుకెళ్లొచ్చా?

ఆవకాయ బాగా మూతకట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. ఎండుకొబ్బరి, కురిడీలు పెట్టకండి. నూనె వల్ల అంటుకునే సరుకు కింద లెక్కకట్టి ఆపేస్తారు. ఆతిథ్యం ఇచ్చే ఇంటికి బహుమతిగా ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్లండి. తేలిక, పాడవవు. వాటి గురించి అక్కడివాళ్లకు చెప్పడానికి మీకు బోలెడు ఉంటుంది. మన ఆడవాళ్లు బోర్లించిన వేడి కుండ మీద బియ్యపు జావ గుడ్డతో ఒక్క పూత పూస్తారు. అక్కడివాళ్లు ఆవిరి వచ్చే గుండిగకు గుడ్డ బిగించి, దాని మీద బియ్యపు పిండి గరిటెతో పలచగా తిప్పి, వెదురు పుల్లతో లేపి, తడిక మీద ఎండబెడతారు. అలా చేసిన రేకుల్లో చేప, ఆకులు చుట్టుకుని తింటారు. బియ్యాన్ని కాగితమంత పలచగా చేసే పని రెండు డెల్టాల్లోనూ ఉండడం చూస్తే ముచ్చటేస్తుంది.

## దిగిన తర్వాత

మ్యాపులో జిల్లా పేర్లు ఒకలా, బస్సు మీద ఇంకోలా ఉన్నాయి. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. 2025 జులై 1 నుంచి వియత్నాం తన 63 రాష్ట్ర స్థాయి విభాగాలను 34కి కుదించింది. బెన్ ట్రే, ట్రా విన్ రెండూ విన్ లాంగ్‌లో కలిశాయి. సోక్ ట్రాంగ్ కాన్ థోలోకి వెళ్లింది. జనం నోట పాత పేర్లే ఉన్నాయి, కాబట్టి ఊరి పేరుతో అడగండి.

కాన్ థోకి ఎలా వెళ్లాలి? అక్కడ బైకు అద్దెకు తీసుకోవచ్చా?

సైగాన్ పశ్చిమ బస్‌స్టేషన్ నుంచి రోజంతా బస్సులున్నాయి. దాదాపు 170 కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటలు. ఊళ్లో తిరగడానికి టాక్సీ పిలిచే గ్రాబ్ యాప్ చాలు.

బైకు వద్దు. బండ్లు కుడివైపు నడుస్తాయి. మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే అక్కడ చెల్లదు, చెల్లని లైసెన్సుతో ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు. కాలువ గట్ల మీద తిరగడానికి సైకిలే సుఖం, చాలా హోమ్‌స్టేల్లో ఊరికే ఇస్తారు.

భాష రాకపోతే?

అనువాద యాప్ పెట్టుకోండి. పల్లెల్లో ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకే మాట స్వరం మారితే అర్థం మారిపోతుంది కాబట్టి పలికే కన్నా ఫోన్లో రాసి చూపించడం మేలు. అత్యవసరానికి పోలీసు 113, అగ్నిమాపకం 114, అంబులెన్సు 115. సైగాన్‌లో మన కాన్సులేట్ ఉంది, దాని నంబరు కాగితం మీద కూడా రాసుకోండి.

## తిండి

మేం పూర్తి శాకాహారులం. పస్తులుండాలా?

అక్కర్లేదు. బౌద్ధులు చాంద్రమాన నెలలో 1వ రోజు, 15వ రోజు మాంసం మానేస్తారు. అందుకని చిన్న ఊళ్లో కూడా శాకాహార హోటల్ ఒకటైనా ఉంటుంది. బోర్డు మీద ‘చాయ్’ అని ఉంటే లోపలికి వెళ్లిపోండి. అన్నం, టోఫు, పుట్టగొడుగులు, ఆకుకూరలు దొరుకుతాయి. మాంసంలా కనిపించేవి కూడా సోయాతో చేసినవే, కంగారు పడకండి. మామూలు హోటల్లో ‘కూరగాయలే’ అని చెప్పి తింటే మాత్రం అందులో చేపల ఊటతో చేసిన సాస్ పడే ఉంటుంది. వాళ్లకది ఉప్పు లెక్క.

మేం అన్నీ తింటాం, గొడ్డుమాంసం, పంది తప్ప. ఏం జాగ్రత్త?

నాలుగు మాటలు గుర్తుంచుకోండి. బో అంటే గొడ్డుమాంసం, హెయో అంటే పంది, గా అంటే కోడి, కా అంటే చేప. నూడుల్స్ పులుసు కుండలో ఏ ఎముకలు మరుగుతున్నాయో అడగండి, పైన రొయ్యలున్నా కింద పంది ఎముకల రసం ఉండొచ్చు. మనకు బాగా నచ్చేది ఏనుగుచెవి చేప. పొలుసుతో సహా నిలువునా వేయించి, పళ్లెంలో నిలబెట్టి తెస్తారు. ముల్లు తీసి బియ్యపు రేకులో పచ్చి ఆకులతో చుట్టి ఇస్తారు. చింతపండు పులుసుతో చేసిన చేప కూడా అడగండి. కారం తక్కువే కానీ పులుపు మన నాలుకకు పడుతుంది.

కుళాయి నీళ్లు తాగకండి. రోడ్డు పక్కన వేడివేడిగా వండేది తినొచ్చు, కడిగీ కడగని పచ్చి ఆకుల దగ్గర ఆలోచించండి.

## నీళ్ల మీద, అడవుల్లో

తేలే సంత ఇప్పటికీ ఉందా, టూరిస్టుల కోసం నటిస్తున్నారా?

కాన్ థో దగ్గర కై రాంగ్ సంత ఉంది, కానీ తగ్గిపోతోంది. కాన్ థో వంతెన 2010లో వచ్చింది, రోడ్లు బాగుపడ్డాయి, సరుకు లారీలెక్కింది. మన యానాం, చించినాడ వంతెనలు వచ్చాక రేవులు ఎలా పలచబడ్డాయో అక్కడా అంతే. అందుకే ఇప్పుడే వెళ్లండి. తెల్లవారుజామున ఐదింటికి పడవలో ఉండాలి. ఏడు దాటితే మిగిలేది టూరిస్టు బోట్లే.

ప్రతి టోకు పడవ ముందూ ఒక వెదురు గెడ నిలబెట్టి ఉంటుంది. ఏం అమ్ముతున్నారో అది గెడకు వేలాడుతుంది. అనాస అయితే అనాస, గుమ్మడి అయితే గుమ్మడి, నాలుగు రకాలుంటే నాలుగూ. ఇంజన్ల హోరులో కేక వినబడదు కదా, అందుకని ఈ ఏర్పాటు. గెడకు ఎండిన కొబ్బరాకు కట్టి ఉంటే అమ్మకానికి పెట్టింది సరుకు కాదు, పడవే. పడవ ముక్కుకు రెండువైపులా ఎర్రరంగు మీద కళ్లు గీసి ఉంటాయి. ఆ మనుషులకు పడవే ఇల్లు, వెనక తీగ మీద ఆరేసిన బట్టల్ని, అన్నం తింటున్న పిల్లల్ని దగ్గరగా ఫోటో తీయకండి. ఒక అనాస కొనండి, చెక్కి ఇచ్చేదాకా మాట్లాడండి, అప్పుడు అడిగి తీయండి.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. పడవ ఎక్కగలదా?

పెద్ద బోటు అయితే ఇబ్బంది లేదు. చిన్న కాలువల్లో తిరిగే పలకల పడవ సన్నగా ఉంటుంది. ఒక్కొక్కరే, సరిగ్గా మధ్యలో అడుగువేసి, వెంటనే కూర్చోవాలి. పాటు సమయంలో రేవు మెట్లు బురదతో జారతాయి, పోటు మీదున్నప్పుడు ఎక్కించమని ముందే చెప్పండి. లైఫ్ జాకెట్ అందరూ వేసుకోవాలి, బకిల్ పెట్టుకోవాలి. ఇవ్వకపోతే ఎక్కవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో చూసినవాళ్లం, ‘మాకు నీళ్లు అలవాటే’ అనే మాట మన నోట రాకూడదు.

పక్షులు, అడవుల కోసం ఎక్కడికి వెళ్లాలి?

చౌ డాక్ దగ్గర ట్రా సూ మొదటిది. నీళ్లలో నిలబడ్డ కాజుపుట్ చెట్ల అడవి అది. వరద రోజుల్లో నీటి మీద పచ్చటి నాచు పరుపులా కప్పేస్తుంది, చిన్న పడవ దాన్ని చీల్చుకుంటూ వెళుతుంది, కొంగలు, నీటికాకులు కొమ్మల నిండా ఉంటాయి. ఇంజన్ బోటు దిగి తెడ్డు పడవ ఎక్కండి, అప్పుడే పక్షులు ఎగిరిపోకుండా కూర్చుంటాయి.

ట్రామ్ చిమ్ జాతీయ ఉద్యానం 2012లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి వచ్చింది. ఒకప్పుడు సారస కొంగలు అక్కడికి వందల్లో దిగేవి, తర్వాత బాగా తగ్గిపోయాయి. వాటిని తిరిగి తేవడానికి గట్టి ప్రయత్నం జరుగుతోంది. కొల్లేరు సంగతి తెలిసినవాళ్లు తప్పక చూడాలి.

మడ అడవి కావాలంటే సైగాన్‌కు దగ్గర్లోనే కాన్ జో ఉంది. యుద్ధంలో అమెరికా విమానాలు చల్లిన విషపు మందులతో ఆ అడవి నాశనమైంది. 1978 నుంచి జనం మళ్లీ నాటారు. 2000లో యునెస్కో దాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా గుర్తించింది. మన కోరంగిలో బోర్డువాక్ మీద నడిచినవాళ్లు ఆ చెట్ల ఊపిరివేళ్లను గుర్తుపడతారు. ఒక్క తేడా, అక్కడ మీరు చూసే అడవి చాలావరకు మనుషులు చేత్తో నాటింది. కోతులు చేతిలోంచి కళ్లజోడు, ఫోను లాక్కుంటాయి, వాటికి తిండి పెట్టకండి.

## ఊళ్లు, ఇళ్లు, గుళ్లు

హోమ్‌స్టేలో ఎలా నడుచుకోవాలి?

చెప్పులు గుమ్మం బయట. పెద్దవాళ్లకు ముందు పలకరింపు, వస్తువు ఇచ్చేటప్పుడు రెండు చేతులు. ముందుగదిలో పూర్వీకుల పీఠం ఉంటుంది, దానివైపు కాళ్లు చాపకండి, మీద సామాను పెట్టకండి. రాత్రి తొమ్మిదికల్లా ఇల్లు సద్దుమణుగుతుంది, మన గుంపు ముచ్చట్లు గట్టు మీద పెట్టుకోండి. దోమతెర కిందే పడుకోండి, డెంగీ ఉన్న చోటు. యుద్ధం గురించి వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, మీరు తవ్వకండి. చాలా ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోలుంటాయి.

పండుగలో కలవాలంటే?

ఖ్మేర్ ప్రజలు ఎక్కువగా ఉండే సోక్ ట్రాంగ్‌లో ఓక్ ఓమ్ బోక్ పండుగ వస్తుంది, సాధారణంగా నవంబరు పౌర్ణమి వేళ, మన కార్తీకమాసపు రోజుల్లో. పగలు పదుల మంది తెడ్లు వేసే పొడవాటి పడవల పందెం. రాత్రి చంద్రుడికి కొత్త వడ్ల అటుకులు, కొబ్బరి, అరటిపళ్లు నైవేద్యం పెడతారు. పూజ అయ్యాక పెద్దాయన పిల్లల నోట్లో అటుకులు కుక్కి, వీపు నిమురుతూ ‘ఏం కావాలిరా’ అని అడుగుతాడు. గది రెండు నెలల ముందే బుక్ చేసుకోండి.

ఇళ్లలో కూర్చుని పాడే డాన్ కా టాయ్ టూ అనే సంగీతాన్ని 2013లో యునెస్కో గుర్తించింది. టూరు బోటులో పది నిమిషాలు వినిపించేది కాకుండా, హోమ్‌స్టేవాళ్లను అడిగితే ఊళ్లో ఎవరింట పాడుతున్నారో చెబుతారు.

అక్కడ మన దేవుళ్ల గుళ్లు ఉన్నాయా?

సైగాన్ మధ్యలో మారియమ్మ గుడి ఉంది, వియత్నాం వాళ్లే ఎక్కువగా మొక్కుకుంటారు. డెల్టాలో ఓక్ ఎయో దగ్గర తవ్వకాల్లో బయటపడిన పాతకాలపు విష్ణు విగ్రహాలు సైగాన్ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి, ఒక పూట కేటాయించండి. చాలామంది అడిగే ‘మీ సాన్’ అనే చోటి శివాలయాలు మాత్రం డెల్టాలో లేవు, డానాంగ్ వైపు, విమానంలో వెళ్లాలి. మన పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తూ 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా లింగాన్ని వెలికితీసింది. ఏ గుడికైనా భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లండి.

## తిరిగొచ్చేటప్పుడు

ఏం కొనుక్కోవచ్చు?

బెన్ ట్రే కొబ్బరి మిఠాయి. కొబ్బరిపాలు, మాల్టు, పంచదార కలిపి పాకం పట్టి, ముక్కలు కోసి, తినగలిగే పలచటి బియ్యపు కాగితంలో చుడతారు, ఆ కాగితం ఒలవకండి. కాఫీ పొడి, బియ్యపు రేకులు తేవచ్చు. సీసాల్లో పాములు వేసి అమ్మే సారా కొనకండి. అడవి జీవుల వ్యాపారమది, కస్టమ్స్‌లో ఇరుక్కుంటారు.

ఒక్క కొబ్బరి మొక్క, రెండు పనస అంట్లు సంచిలో వేసుకొస్తే ఏమవుతుంది? కడియంలో అన్నీ బయటివే కదా.

దయచేసి తేవద్దు. దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఇక్కడ క్వారంటైన్ తనిఖీ లేకుండా మొక్క, విత్తనం, అంటు ఏదీ తేవడానికి లేదు. కడియం నర్సరీలవాళ్లైనా సవ్యంగా దిగుమతి చేసుకోవాలంటే ఆ దారినే రావాలి. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో బయటపడింది. బయటి నుంచి వచ్చిన పురుగది. కొద్ది కాలంలోనే మన కొబ్బరాకులన్నీ నల్లటి మసితో నిండిపోయాయి. అది ఎవరి సంచిలో వచ్చిందో ఎవరికీ తెలియదు, నష్టం మాత్రం ప్రతి దొడ్డిలోనూ కనబడుతోంది. నచ్చిన రకం ఉంటే కాయ ఫోటో, రకం పేరు రాసుకొచ్చి అంబాజీపేట పరిశోధనా కేంద్రంలో చూపించండి.

భీమవరం నుంచి వస్తున్నాం, అక్కడి రొయ్యల చెరువులు చూడాలని ఉంది.

చూడొచ్చు, హోమ్‌స్టే ద్వారా ముందే అడిగి వెళ్లండి. కా మౌ వైపు మడచెట్ల మధ్యే రొయ్య పెంచే చెరువులున్నాయి. మేత తక్కువ, దిగుబడీ తక్కువ, రోగాల ఖర్చూ తక్కువ. వానాకాలం వరి, ఎండాకాలం ఉప్పునీటిలో రొయ్య వేసే పొలాలు కూడా ఉన్నాయి. 2016, 2020లో ఉప్పునీరు బాగా లోపలికి వచ్చినప్పుడు రైతులు ఏం చేశారో అడగండి. 2011లో పంట విరామం ప్రకటించిన కోనసీమ రైతుకు ఆ కబుర్లు బాగా అర్థమవుతాయి.

అక్కడి రొయ్యల రోగాలు మనతో రాకూడదు కాబట్టి చెరువులో చెయ్యి పెట్టకండి, నీళ్ల శాంపిల్, రొయ్య పిల్ల, మేత ఏదీ తేకండి. అక్కడ తొక్కిన చెప్పులు సబ్బుతో కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. వీలైతే అవి అక్కడే వదిలేసి రండి. ఇంటికొచ్చిన రోజే మీ చెరువు గట్టెక్కకుండా రెండు మూడు రోజులు ఆగండి.